అమ్మ చేతికి కొత్త ట్యాబ్: పెట్టె విప్పడం నుంచి పుస్తకం తెరవడం దాకా

మా అమ్మ తెనాలిలో ఉంటుంది. తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరైంది. కంటి శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా ఫోనులోని అక్షరాలు చీమల బారులాగే ఉన్నాయంటే 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ కొన్నాను. హైదరాబాదులో నా బల్ల మీదే అంతా సిద్ధం చేసి, 32 యాప్‌లు ఎక్కించి, ఘనకార్యం చేసినవాడిలా తీసుకువెళ్ళి ఇచ్చాను. నెల తరువాత వెళ్ళి చూస్తే అది బీరువాలో పట్టుచీరల కింద ఉంది. పాడవుతుందని దాచానన్నది. అసలు సంగతి ఏమిటంటే, తెరిచినప్పుడల్లా అది ఏదో ఒకటి అడుగుతోంది, ఏమి నొక్కితే ఏమవుతుందోనని ఆమె మూసేస్తోంది.

ఆ రోజు ట్యాబును మొత్తం చెరిపేసి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఎక్కించినవాటికంటే తీసేసినవే ఎక్కువ. ఇంట్లో పెద్దవారి కోసం ట్యాబ్ కొనేవారికి ఆ రెండో ప్రయత్నాన్ని వరుసగా చెబుతున్నాను. మీకోసమే కొనుక్కున్నా దశలు ఇవే.

కొనేముందు మూడు ప్రశ్నలు

ఎంత పెద్దది? పుస్తకాలు చదవడానికైతే దీనికి సూటి లెక్క ఉంది. మన తెలుగు నవలలు, కథల సంపుటాలు ఎక్కువగా డెమ్మీ సైజులో వస్తాయి, అంటే పేజీ సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. 16:10 నిష్పత్తిలో ఉండే 11 అంగుళాల తెరను నిలువుగా పట్టుకుంటే వెడల్పు 5.8, పొడవు 9.3 అంగుళాలు. స్కాన్ చేసిన పుస్తకం పేజీ అసలు కొలతలోనే కనిపిస్తుంది. 8.7 అంగుళాల ట్యాబ్ చేతికి తేలిక, ధర కూడా తక్కువే, కానీ పేజీ కుంచించుకుపోతుంది. వీడియోలు, వీడియో కాల్స్ మాత్రమే అయితే అది చాలు.

సిమ్ పట్టేదా, వైఫై మాత్రమేనా? ఇంట్లో వైఫై ఉంటే సిమ్ అక్కరలేదు. కాకపోతే ఒక చిక్కు తెలుసుకోండి. యూపీఐ యాప్‌లు నమోదు సమయంలో బ్యాంకులో ఉన్న నంబరు నుంచే ఎస్సెమ్మెస్ పంపుతాయి కనుక ఆ సిమ్ ట్యాబులో లేకపోతే పనిచేయవు. నన్నడిగితే ఇది లోపం కాదు, అదృష్టం. డబ్బుకు సంబంధించినదేదీ అమ్మ ట్యాబులో ఉండకూడదనే నా పట్టుదల.

మూడోది, తెలుగు అక్షరం ఎలా కనబడుతోంది? దుకాణంలో ఉన్న నమూనా ట్యాబులో బ్రౌజర్ తెరిచి ఏదైనా తెలుగు పేజీలో "స్త్రీ", "లక్ష్మి", "స్వాతంత్ర్యం" అన్న మాటలు వెతికి చూడండి. ఇంగ్లిషు అక్షరానికి లేని బరువు మన అక్షరానికి ఉంది. పైన గుడి, కింద ఒత్తు, దాని కింద మరో ఒత్తు. తక్కువ రిజల్యూషన్ తెర మీద ఆ కింది ఒత్తులు అలికినట్టవుతాయి. 1920×1200 కంటే తక్కువది తీసుకోకండి. మెమరీ (ర్యామ్) 4 జీబీ ఉంటే నడుస్తుంది, 6 ఉంటే హాయి. సినిమాలు చూడాలనుకుంటే వైడ్‌వైన్ ఎల్1 ఉందా అని అడగండి. వైడ్‌వైన్ అంటే సినిమాలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు, ఎల్1, ఎల్3 దాని స్థాయిలు. ఎల్3 మాత్రమే ఉన్న ట్యాబులో తెర ఎంత గొప్పదైనా ఓటీటీ చిత్రాలు మసకగానే వస్తాయి.

పాత ట్యాబ్ కొంటున్నట్లయితే అమ్మేవారి గూగుల్ ఖాతా అందులోంచి తీసేసి, వారి ఎదుటే చెరిపించండి. లేకపోతే మీరు తుడిచిన తరువాత అది పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతూ తలుపు తెరవదు.

మొదటి గంట: భాష, ఖాతా

ముందు ఛార్జింగుకు పెట్టండి. నిండేదాకా ఆగనవసరం లేదు, సగం దాటితే చాలు. ఆన్ చేయగానే భాష అడుగుతుంది.

తెలుగు ఎంచుకోవాలా, ఇంగ్లిషా? తెలుగే కదా అని మొదట అనుకున్నాను. కానీ అమ్మ ఫోన్ చేసి "ఏదో వచ్చింది, ఏమి నొక్కమంటావు?" అన్నప్పుడు నా ఫోను ఇంగ్లిషులో ఉండటంతో ఆమె చదివేది నాకు అర్థమయ్యేది కాదు. మెనూల్లోని తెలుగు కొన్నిచోట్ల మనం మాట్లాడుకునే తెలుగుకు చాలా దూరం. చివరికి నేనే నా ఫోనును రెండు వారాలు తెలుగులో పెట్టుకుని ఆ మాటలు నేర్చుకున్నాను. అంత ఓపిక లేకపోతే, ఫోనులో సాయం చెప్పేవారికి ఏ భాషలోని మెనూలు అలవాటో ఆ భాష పెట్టండి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కు వేరుగా భాష పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో భాషలు, అందులో యాప్ భాషలు. ట్యాబ్ మొత్తం ఇంగ్లిషులో ఉంచి, అమ్మ రోజూ తెరిచే యాప్‌లను తెలుగులోకి మార్చవచ్చు.

తయారీదారును బట్టి ఈ మెనూల పేర్లు, చోట్లు కాస్త మారతాయి. అందుకే సెట్టింగ్స్ పైభాగంలో ఉండే వెతుకు పెట్టెను అలవాటు చేసుకోండి. "భాష" అనో "ఫాంట్" అనో కొడితే దారి అదే చూపిస్తుంది.

తరువాత వైఫై పాస్‌వర్డ్, ఆ తరువాత గూగుల్ ఖాతా. ఇక్కడే నేను మొదటిసారి పెద్ద పొరపాటు చేశాను. తొందరగా అయిపోతుందని నా ఖాతాతోనే తెరిచాను. వారం తిరగకుండా నా యూట్యూబ్ నిండా ప్రవచనాలు, ఆవకాయ వీడియోలు వచ్చి కూర్చున్నాయి. నా ఆఫీసు ఫోటోలు అమ్మకు, అమ్మ వేలు తగిలి తీసిన నేల ఫోటోలు నాకు. అది నవ్వుకుని వదిలేసే విషయమే, కానీ నా పాస్‌వర్డులు కూడా ఆ ట్యాబులోకి వెళ్ళాయి. కాబట్టి ఆమె పేరుతో కొత్త ఖాతా తెరవండి. ఖాతా తిరిగి పొందడానికి ఆమె ఫోను నంబరు, మీ ఈమెయిల్ రెండూ ఇవ్వండి. ఉచితంగా 15 జీబీ వస్తుంది. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ పంచుకోవలసినది ఆ చోటునే. పాస్‌వర్డును ఇంట్లో ఆమె నమ్మే నోటుపుస్తకంలో, ఆమె చేతిరాతతోనే రాయించండి.

పాత ఫోనులోని సమాచారం కాపీ చేయమంటావా అని ట్యాబ్ అడుగుతుంది. వద్దనండి. ఫోనులోని చెత్త అంతా వెంట వస్తుంది.

పిన్ తప్పక పెట్టండి. వేలిముద్ర సదుపాయం ఉన్నా ఏళ్ళ తరబడి అంట్లు తోమిన వేళ్ళ గీతలు సెన్సరుకు అందకపోవచ్చు. మా అమ్మకు పది ప్రయత్నాల్లో మూడుసార్లు కూడా తెరుచుకోలేదు. నాలుగంకెల కంటే ఆరంకెల పిన్ మంచిది. ఎవరూ ఊహించలేని, ఆమె మరిచిపోలేని సంఖ్య ఏదో ఒకటి ఉంటుంది. ఆమె తన మొదటి ఉద్యోగంలో చేరిన తేదీ పెట్టుకుంది, అది నాకే తెలియదు.

ఇవన్నీ అయ్యాక సిస్టమ్ అప్‌డేట్ ఉందేమో చూడండి. కొత్త పెట్టెలోని ట్యాబ్ కూడా దుకాణం అరలో కొన్ని నెలలు ఉండి వచ్చినదే. అప్‌డేట్‌కు అరగంటో గంటో పడుతుంది. ఈలోగా కాఫీ తాగండి.

తీసివేతలు

ఇప్పుడు అసలు పని. ముందుగా వేసి పంపిన ఆటలు, కొనుగోళ్ళ యాప్‌లు, వార్తల యాప్‌లు ఒక్కొక్కటీ నొక్కి పట్టుకుని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని పోవు. వాటిని డిసేబుల్ చేస్తే కంటికి కనిపించవు. లాక్ స్క్రీన్ మీద వార్తలూ ప్రకటనలూ మార్చి మార్చి చూపించే సదుపాయం ఉంటే ఆపేయండి. హోమ్ స్క్రీన్‌ను పక్కకు తోసినప్పుడు వచ్చే వార్తల పేజీని కూడా. మిగిలిన యాప్‌ల నోటిఫికేషన్లలో వాట్సాప్‌వి తప్ప అన్నీ ఆపేశాను.

బ్రౌజర్‌లో ఒక మూల ఎవరూ చూడరు. ఏదో వెబ్‌సైటు తెరవగానే "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడుగుతుంది, పెద్దవారు మర్యాదగా సరేనంటారు. అప్పటి నుంచి "మీ పరికరంలో వైరస్ ఉంది" అంటూ గంటకొకటి రావడం మొదలవుతుంది. అది వైరస్ కాదు, ఆ వెబ్‌సైటు పంపుతున్న ప్రకటన. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్లు తెరిచి మొత్తంగా ఆపేస్తే ఈ బెడద మళ్ళీ రాదు. బీరువాలోకి వెళ్ళిన ట్యాబును చెరిపేముందు తెరిచి చూసినప్పుడు ఇలాంటివి 40కి పైగా పేరుకుని ఉన్నాయి. ఆమె భయపడినది వీటికే.

ప్లే స్టోర్‌లో కార్డు వివరాలేవీ ఇవ్వకండి. కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

హోమ్ స్క్రీన్ మీద ఆరు గుర్తులే ఉంచాను: వాట్సాప్, యూట్యూబ్, పుస్తకాలు, ఫోటోలు, బ్రౌజర్, ఆకాశవాణి ప్రసారాలు వినిపించే న్యూస్ ఆన్ ఎయిర్. ఒక్క పేజీయే. గుర్తుల మధ్య బాగా ఖాళీ వదిలాను. హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో లేఅవుట్‌కు తాళం వేసే సదుపాయం ఉంటే వేయండి. లేకపోతే వేలు ఆనించి ఉంచినప్పుడల్లా గుర్తులు చోటు మారిపోయి, "నా వాట్సాప్ పోయింది" అని ఫోన్ వస్తుంది.

మనవలు సెలవులకు వస్తే? చాలా ట్యాబుల్లో వేరే వినియోగదారుని చేర్చే వీలుంది. సెట్టింగ్స్‌లో యూజర్లు అన్నచోట పిల్లల కోసం ఇంకో అర తెరవండి. వారి ఆటలు వారి అరలోనే ఉంటాయి, బామ్మగారి ఆరు గుర్తులూ చెదరవు.

కంటికి హాయిగా

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు అని రెండుంటాయి. మొదటిది అక్షరాలను మాత్రమే పెంచుతుంది, రెండోది బొత్తాలు, గుర్తులతో సహా అన్నింటినీ. ఫాంటును చివరిదాకా పెంచితే తెలుగు వరుసలు ఇరుక్కుని, కొన్ని బొత్తాల మీది మాటలు సగంలో తెగిపోతాయి. రెండింటినీ ఒక్కో మెట్టు పెంచి, ఆమెనే చూడమనండి. మన కంటితో నిర్ణయించేది కాదు ఇది. తెర ఆరిపోయే సమయాన్ని 30 సెకన్ల నుంచి 5 నిమిషాలకు మార్చండి. ఒక పేజీ చదివేలోగా తెర నల్లబడితే ఎవరికైనా విసుగే.

చదివి వినిపించే సదుపాయం కూడా ఉంది. యాక్సెసిబిలిటీలో సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేసి, గూగుల్ స్పీచ్ సేవల్లో తెలుగు గొంతు దించుకుంటే ఎంచుకున్న వాక్యాలను చదువుతుంది. యతిస్థానాలు తెలియని పఠనమే, పద్యం వినలేము. వార్తలకు పర్వాలేదు.

తెలుగులో రాయడం

మీకు అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసినది ఇక్కడే. చాలా ట్యాబుల్లో గూగుల్ వారి జీబోర్డ్ ఉంటుంది, లేకపోతే ప్లే స్టోర్‌లో దొరుకుతుంది.

1. సెట్టింగ్స్‌లో సిస్టమ్, కీబోర్డ్, ఆన్-స్క్రీన్ కీబోర్డ్, జీబోర్డ్ తెరవండి.
2. భాషలు నొక్కి, కీబోర్డ్ జోడించు అన్నచోట తెలుగు ఎంచుకోండి.
3. ఏ పద్ధతి కావాలో అడుగుతుంది. ఒకటి నేరుగా తెలుగు అక్షరాలు కనిపించేది. రెండోది ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగుగా మార్చేది. మూడోది వేలితో రాస్తే గుర్తించేది.
4. రాసేటప్పుడు భూగోళం గుర్తు నొక్కితే భాష మారుతుంది, స్పేస్ బార్‌ను నొక్కిపట్టినా మారుతుంది.

ఉద్యోగాల్లో కంప్యూటర్ వాడినవారికి రెండో పద్ధతి తేలిక. మా అమ్మకు అది అస్సలు నచ్చలేదు. తెలుగు మాటను ఇంగ్లిషు స్పెల్లింగులో ఎందుకు ఆలోచించాలన్నది ఆమె వాదన, అందులో తప్పేమీ లేదు. పైగా ణ-న, ళ-ల తేడాలు ఆ పద్ధతిలో యాప్ ఊహకు వదిలేయవలసి వస్తుంది. "కల్యాణం" బదులు ఇంకేదో వస్తే పండితురాలికి పట్టరాని కోపం. నేరుగా తెలుగు అక్షరాల కీబోర్డే పెట్టాను. అందులో ఒత్తు కావాలంటే అక్షరం తరువాత పొల్లు (్) నొక్కి రెండో అక్షరం నొక్కాలి. అ + మ + ్ + మ. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే మిగతాది దానంతట అదే వస్తుంది. మూడు రోజుల్లో ఆమె "క్ష్మి" రాసింది.

అన్నిటికంటే తొందరగా ఫలితమిచ్చేది మైకు. గూగుల్ గొంతుతో రాసే సదుపాయాన్ని తెలుగుకు 2017 ఆగస్టులో తెచ్చింది. కీబోర్డ్ మీది మైకు గుర్తు నొక్కి, కీబోర్డ్ తెలుగులో ఉందని చూసుకుని, మామూలుగా మాట్లాడితే చాలు. ఫ్యాన్ ఆపండి, టీవీ ఆపండి. విరామ చిహ్నాలు తరువాత చేత్తో పెట్టుకోండి.

వాట్సాప్, వీడియో కాల్

ఫోనులో వాట్సాప్ ఉంటే కొత్త ఖాతా అక్కరలేదు. ట్యాబులో వాట్సాప్ వేసి తెరిస్తే క్యూఆర్ కోడ్ చూపించే మార్గం ఉంటుంది. ఫోనులో వాట్సాప్ మూడు చుక్కల మెనూ తెరిచి, లింక్డ్ డివైసెస్ నొక్కి ఆ కోడ్‌ను స్కాన్ చేయాలి. ఒక ఫోనుకు నాలుగు పరికరాల దాకా కలపవచ్చు. ఎప్పుడైనా ట్యాబులో లాగౌట్ అయిపోతే మళ్ళీ ఇదే పని. కంగారు పడవద్దని ముందే చెప్పి ఉంచండి.

వీడియో కాల్‌కు ట్యాబును చేతిలో పట్టుకుంటే అవతలివారికి పైకప్పు, ఫ్యాను, సగం నుదురు కనబడతాయి. ఒక స్టాండు కొనండి. కెమెరా తెర అంచులో ఎటువైపు ఉందో చూసి, అది పైకి వచ్చేలా నిలబెట్టండి.

పుస్తకాలు

అమ్మ ట్యాబును బీరువాలోంచి బయటకు తెచ్చింది దీనికోసమే. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వెతకడంలోనే తంటా. పుస్తకాల పేర్లు అక్కడ ఎక్కువగా ఇంగ్లిషు లిపిలో, చిత్రమైన స్పెల్లింగులతో ఉంటాయి. ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే దీర్ఘాలు మార్చి, "వ"కు వీ బదులు డబ్ల్యూ పెట్టి చూడండి. రచయిత ఇంటిపేరుతో వెతికితే కొన్నిసార్లు తేలికగా దొరుకుతాయి. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ దాకా కాపీహక్కు ఉంటుంది, అది దాటినవి నిశ్చింతగా దించుకోవచ్చు. తెలుగు వికీసోర్స్‌లోనివి స్కాన్‌తో పాటు యూనికోడ్ పాఠంగా (అంటే బొమ్మగా కాక, ఏ పరికరమైనా గుర్తించే అక్షరాలుగా) కూడా ఉండటం వల్ల అక్షరాలు పెంచుకుని చదవవచ్చు, చదివించుకోవచ్చు.

ఇంకో రకం పీడీఎఫ్‌లు వస్తుంటాయి. యూనికోడ్ వ్యాపించకముందు డీటీపీ ఫాంట్లతో కూర్చినవి. తెర మీద చక్కటి తెలుగే. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే మాత్రం అర్థం లేని రోమన్ గుర్తులు వస్తాయి. ఆ ఫాంట్లు లోపల రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చుకున్నవి కావడమే కారణం. ట్యాబ్ పాడైందని అనుకోకండి.

దించుకున్న పుస్తకాలన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి, ఫైళ్ళ పేర్లను తెలుగులోకి మార్చండి. అరగంట పని. ట్యాబును అడ్డంగా పట్టుకుని తెరను రెండు భాగాలు చేసుకునే వీలు కూడా ఉంది. ఇటీవల వాడిన యాప్‌ల పేజీకి వెళ్ళి, యాప్ గుర్తు మీద నొక్కితే స్ప్లిట్ స్క్రీన్ అని వస్తుంది. ఎడమవైపు పుస్తకం, కుడివైపు ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటువుల శోధన. ఒకే మాటకు ఎన్నో నిఘంటువుల అర్థాలు ఒకేసారి చూసిన రోజు అమ్మ మధ్యాహ్నం నిద్ర మానేసింది.

మోసాలు, పోగొట్టుకోవడాలు

పెళ్ళి పత్రిక అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు వస్తున్నాయి. అవి పత్రికలు కావు, యాప్‌లు. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే పరికరం అవతలివారి చేతిలోకి వెళుతుంది. సెట్టింగ్స్‌లో "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" అన్నచోట వాట్సాప్, బ్రౌజర్, ఫైల్స్ మూడింటికీ అనుమతి లేకుండా చూడండి. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అనేవారి గురించి కూడా చెప్పండి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ నాలుగంకెలను ట్యాబ్ కవరు లోపలివైపు పెద్దగా రాసి అంటించాను.

పోయిన ట్యాబును వెతకడానికి గూగుల్ ఫైండ్ హబ్ ఉంది. ఆన్‌లో ఉందో లేదో ఈ రోజే చూడండి, పోయాక ఆన్ చేయలేరు. సిమ్ ఉన్న ట్యాబుకైతే దాన్ని గుర్తుపట్టే ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది, పెట్టె మీది ఆ సంఖ్యను ఫోటో తీసి ఉంచుకుంటే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీ ద్వారా బ్లాక్ చేయించవచ్చు. వైఫై ట్యాబుకు ఆ సంఖ్యే ఉండదు.

బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే పెట్టేయండి. ఎప్పుడూ ఇంట్లోనే ఉండే ట్యాబుకు ఆ 80 చాలు, బ్యాటరీ మరిన్ని ఏళ్ళు మన్నుతుంది.

వారం తరువాత ఒకసారి

చివరి దశను నేను మొదటిసారి వదిలేశాను. వారం పోయాక సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, ఏ యాప్ ఎంతసేపు వాడారో ఆమెతో కలిసి చూడండి. మా ఇంట్లో ఆరింటిలో మూడే తెరుచుకున్నాయి: పుస్తకాలు, వాట్సాప్, న్యూస్ ఆన్ ఎయిర్. మిగిలిన మూడు గుర్తులనూ హోమ్ స్క్రీన్ మీద నుంచి తీసేయబోతుంటే అమ్మ చేయి పట్టుకుని ఆపింది. యూట్యూబ్ పోయినా ఫర్వాలేదట, ఫోటోలు మాత్రం ఉంచమన్నది. నేను మొదటిసారి పొరపాటున నా ఖాతాతో తెరిచినప్పుడు కనిపించిన మా అబ్బాయి చిన్నప్పటి ఫోటోలు మళ్ళీ కావాలట. గూగుల్ ఫోటోస్‌లో ఒక ఆల్బమ్ చేసి ఆమె ఖాతాకు పంచాను. ఆమె నేల ఫోటోలు ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటున్నాయి.